ఇంటి ముందు భాగాన్ని గేటు దగ్గర నిలబడి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో ఇళ్ల పేజీ వచ్చిన ప్రతిసారీ వదలకుండా చదువుతాను, ఇళ్ల ప్లాన్లు గీయడం నా వృత్తి కాబట్టి ఆ పేజీ మీద నాకు కొంచెం పట్టింపు ఎక్కువ. ఈ మధ్య ఎలివేషన్ డిజైన్లు, అంటే ఇంటి ముందు రూపం నమూనాలు అని వరసగా వేస్తున్న ఫొటోలు చూసి ఇక రాయకుండా ఉండలేకపోయాను. వాటిలో ఒక్కటి కూడా నేల మీద నిలబడ్డ మనిషి కంటికి కనపడేట్టు లేదండి. అన్నీ పైనుంచి ఎక్కడో గాల్లో ఉండి చూసినట్టు, గోడ మీద సాయంత్రపు ఎండ పడినట్టు, ఇంటి ముందు ఒక్క కరెంటు తీగ కూడా లేనట్టు కంప్యూటర్ మీద చేసిన త్రీడీ బొమ్మలే. ఇంటికి వచ్చేవాళ్లు అలా రారు కదా. నడిచి వస్తారు, లేదా బండి ఆపి దిగి గేటు దగ్గరికి వస్తారు, చేతిలో ఏదో ఒక బరువు ఉంటుంది, ఒక్కోసారి చీకటి పడ్డాక వస్తారు, ఒక్కోసారి జోరు వానలో వస్తారు.

ఇల్లు ముందు నుంచి బాగుండాలి అన్న మాటకి నేను వ్యతిరేకం కాదు. నిజానికి ఆ సంగతిని తేలిగ్గా తీసుకునే వాళ్లతోనే నాకు ఎప్పుడూ పేచీ. "లోపల బాగుంటే చాలండీ, బయట ఎలా ఉంటే ఏంటి" అనేవాళ్లు వీధిలో రోజూ నడిచే నలుగురి గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదని నా అభిప్రాయం, ఎందుకంటే సొంత ఇంటి ముందు గోడని యజమాని చూసేది చాలా తక్కువ, ఎదురింటివాళ్లు, వచ్చేపోయేవాళ్లు చూసేదే ఎక్కువ. నా బాధల్లా ఏంటంటే ఫస్ట్ ఇంప్రెషన్ అనేదాన్ని గోడ మీద అంటించే సరుకుగా మార్చేశారు. అది గేటు నుంచి తలుపు దాకా మనిషి నడిచే ఆ కొద్ది అడుగుల్లో తయారవుతుంది. డబ్బు మాత్రం ఆ అడుగులు వదిలేసి మిగతా అన్నిచోట్లా ఖర్చు పెడుతున్నాం.

మొదటి చూపు ఎంత తొందరగా పనిచేస్తుందో సైన్స్ వాళ్లు కూడా చూశారు. 2006 లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో విల్లిస్, టొడొరొవ్ అనే ఇద్దరు పరిశోధకులు కొత్త ముఖాల్ని సెకనులో పదో వంతు, అంటే 100 మిల్లీసెకన్లు మాత్రమే చూపించి ఈ మనిషిని నమ్మొచ్చా లేదా అని అడిగితే, తీరిగ్గా చూసినవాళ్లు చెప్పినదానికి దగ్గరగానే చెప్పారు. టైం పెంచితే వాళ్ల అభిప్రాయం పెద్దగా మారలేదు, కాకపోతే మనం చెప్పిందే కరెక్టు అన్న నమ్మకం మాత్రం పెరిగింది. అంతకుముందు 1920 లోనే థార్న్‌డైక్ అనే సైకాలజిస్టు ఇంకోటి చూపించాడు, ఒక మనిషిలో ఒక్క గుణం నచ్చితే సంబంధం లేని మిగతా గుణాలకి కూడా మనం మంచి మార్కులే వేసేస్తాం అని, దాన్నే హేలో ఎఫెక్ట్ అంటారు. ఇవి మనుషుల మీద చేసినవే, ఇళ్ల మీద కాదు. కానీ ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లతో తిరిగిన ఎవరికైనా ఇది ఇళ్ల విషయంలోనూ కళ్ల ముందే కనపడుతుంది. గేటు పక్కన గోడకి చెమ్మ కనపడిందంటే ఇక లోపల ప్రతి గదిలో సీలింగు వంకే చూస్తారు, బాత్రూం గోడలు తట్టి తట్టి చూస్తారు. అదే ముందు గోడ తళతళలాడుతుంటే ఒక్క కుళాయి తిప్పి చూడరు, ఒక్క కిటికీ తీసి వేసి చూడరు. అందుకే మొదటి చూపు విలువైనది అంటాను, అంత విలువైనది కాబట్టే దాంతో జనాన్ని మోసం చేయకూడదు అని కూడా అంటాను.

మరి మనిషి గేటు దగ్గరికి వచ్చాక ఏం చూస్తాడు? మొదట ఇది ఆ ఇల్లేనా అని చూస్తాడు. అంటే నంబరు. లక్షణంగా కట్టిన ఇళ్లకి కూడా నంబరు ఎక్కడో గ్రానైట్ పలక మీద గ్రానైట్ రంగులోనే చెక్కి ఉంటుంది, లేకపోతే తీగ మొక్క వెనక దాక్కుని ఉంటుంది. అమెరికాలో ఇళ్లకి వాడే మోడల్ కోడ్, అంటే ఇళ్లు ఎలా కట్టాలో చెప్పే నమూనా నియమావళి ఒకటుంది, అందులో నంబరు అంకెలు కనీసం 4 అంగుళాల ఎత్తు ఉండాలి, వెనక రంగుకి ఎదురు రంగులో ఉండాలి, రోడ్డు మీద నుంచి చదవగలగాలి అని రాసిపెట్టారు. పార్శిల్ ఇచ్చేవాళ్లకి సుఖంగా ఉండటం ఒక ఎత్తు, రాత్రిపూట ఆ ఇంట్లో ఎవరికైనా గుండె నొప్పి వస్తే అంబులెన్స్ డ్రైవర్ హెడ్‌లైట్ వెలుగులో చదవాల్సింది కూడా ఆ అంకెలే. ఎలివేషన్ డ్రాయింగులో నంబరు ఎక్కడ వస్తుందో చూపించమని నన్ను అడిగే క్లయింట్లు అరుదు. ఇల్లు పూర్తయ్యాక ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కొడతారు.

తర్వాత గేటు గడియ. పెద్ద గేటుకి లోపలి వైపున గడియ పెట్టి, బయట నుంచి చెయ్యి దూర్చి తీసుకోమంటే చెయ్యి గీసుకుపోతుంది, పైగా ఎవరింట్లోకో దొంగతనంగా వెళ్తున్నట్టు ఉంటుంది వచ్చినవాళ్లకి. కార్లకి పెద్ద గేటు ఉన్నా మనుషులకి పక్కన చిన్న గేటు, దానికి సులువుగా తిరిగే గడియ, అక్కడే చేతికి అందే ఎత్తులో బెల్లు. ఇంతకన్నా చవకగా ఇంటికి మర్యాద తెచ్చే పని ఇంకోటి నాకు తెలీదు. గడియ చల్లగా, బరువుగా, వదులు లేకుండా ఒక్క తిప్పుకి కదిలితే చేతికే తెలిసిపోతుంది ఈ ఇల్లు జాగ్రత్తగా కట్టారని. ఫస్ట్ ఇంప్రెషన్ అంటే అందరూ కంటి సంగతే అనుకుంటారు గానీ ఇంటిని మొదట ముట్టుకునేది చెయ్యి, తొక్కేది పాదం.

పాదం అన్నాను కాబట్టి మెట్ల గురించి. దీని మీద నేను ఎంతసేపైనా మాట్లాడతాను, క్షమించాలి. ఇంటి ముందు మెట్లు చాలా చోట్ల చివర్లో, మేస్త్రీ మిగిలిన ఎత్తుని బట్టి సర్దేసేవి. అప్పుడు ఏమవుతుందంటే కింది మెట్టు నాలుగు అంగుళాలు, మధ్యవి ఆరు, గడప దగ్గర పైది ఎనిమిది, ఇలా వస్తుంది. మనిషి మెట్లెక్కేటప్పుడు మొదటి రెండు మెట్లకే కాలికి ఎత్తు లెక్క దొరికిపోతుంది, ఆ తర్వాత చూడకుండానే ఎక్కేస్తాడు, సరిగ్గా అక్కడే తేడా వస్తే కాలు తగిలి తూలిపోతాడు. ఇందాక చెప్పిన అమెరికా కోడ్‌లోనే ఒక వరసలో ఉన్న మెట్లన్నిటిలో ఎక్కువ ఎత్తుదానికి తక్కువ ఎత్తుదానికి మధ్య తేడా 3/8 అంగుళం మించకూడదని ఉంది, అంటే పెన్సిల్ మందం కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఒక్కో మెట్టు 150 మిల్లీమీటర్ల ఎత్తు, కాలు పెట్టే చోటు 300 మిల్లీమీటర్లు ఉంటే పెద్దవాళ్లు కూడా ఆయాసం లేకుండా ఎక్కుతారు. వాటి మీద పాలిష్ చేసిన గ్రానైట్ వేసి, మొదటి వానకి ఎవరో ఒకరు జారాక, అప్పుడు మ్యాట్ తెచ్చి పరుస్తారు. మొదట్లోనే గరుకు ఫినిష్ రాయి వేయొచ్చు కదా, ఖరీదు ఎక్కువేం కాదు.

ఇక ర్యాంపు. చాలామంది బొమ్మలో ర్యాంపు ఉంటే చాలు అనుకుంటారు. వీల్‌చైర్‌కి పనికొచ్చే వాలు 1:12, అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి. ఇంటి బేస్‌మెంట్ ఎత్తు 450 మిల్లీమీటర్లు ఉందనుకోండి, ర్యాంపు 5.4 మీటర్లు రావాలి. ఇది చివర్లో దూర్చేది కాదు, స్థలంలో ఇల్లు ఎక్కడ పెట్టాలి అని మొదటి గీత గీసేటప్పుడే తేలాలి. రెండు మీటర్లలో ర్యాంపు ముగించేసిన ఇళ్లు చూస్తుంటాను, దాని మీద వీల్‌చైర్ ఎక్కించాలంటే వెనక ఇద్దరు తొయ్యాలి, దిగేటప్పుడు ముందు ఇద్దరు పట్టుకోవాలి. వీల్‌చైర్‌లో వచ్చిన అతిథికి ఆ ఇంటి మీద కలిగే మొదటి అభిప్రాయం ఏంటో మనం ఎప్పుడైనా లెక్కలోకి తీసుకున్నామా?

రాత్రి సంగతి ఇంకో రకం. ముందు గోడంతా పైకి కిందికి లైట్లు పెట్టి వెలిగిస్తారు, తలుపు దగ్గర మాత్రం తాళం కంత కనపడదు. వచ్చినవాళ్ల కళ్లలోకి కొట్టే తెల్ల లైటు కన్నా వాళ్ల ముఖం మీద పక్క నుంచి మెత్తగా పడే లైటు మంచిది, లోపల ఉన్నవాళ్లకి ఎవరొచ్చారో తెలుస్తుంది, బయట ఉన్నవాళ్లకి మెట్టు కనపడుతుంది. బల్బు కొనేటప్పుడు పెట్టె మీద 2700 కె, 3000 కె అని ఉంటే పసుపు వెలుగు, 6500 కె అంటే నీలం కలిసిన తెలుపు. ఇంటి ముందు 6500 పెడితే ఎంత మంచి రంగేసినా గోడ పాలిపోయినట్టే ఉంటుంది. ఇది మార్చడానికి ఆర్కిటెక్టు అక్కర్లేదు, స్టూలు వేసుకుని బల్బు మార్చుకుంటే చాలు.

అసలు తలుపే కనపడని ఇళ్ల మాటేంటి అంటారేమో, అదీ చెప్తాను. కింద మొత్తం పార్కింగ్‌కి వదిలేశాక వీధిలోకి కనపడేది రోలింగ్ షట్టరు, చీకటి, కార్ల వెనక భాగాలు. లోపలికి ఎటు వెళ్లాలో కొత్తవాళ్లకి తెలీదు, ఫోన్ చేసి అడగాలి. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరం 1999 లో దీని మీద రూలే తెచ్చింది, ఇంటి ముందు గ్యారేజీ ముక్కులా పొడుచుకొచ్చి తలుపుని మింగేయకూడదు అని. ఒక ఊరి పాలకమండలి ఇంత చిన్న సంగతి మీద రూలు పెట్టడం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే వీధి పొడుగునా షట్టర్లే ఉంటే ఆ వీధిలో మనుషులున్నారన్న ధైర్యమే ఉండదు.

నడిచి వచ్చే మనిషి కంటిని లెక్కలోకి తీసుకుని కట్టడం కొత్తగా నేను కనిపెట్టిందేం కాదు. తాజ్ మహల్ చూడండి. బయటి ఆవరణలో నిలబడితే సమాధి కనపడదు, పెద్ద ఎర్ర రాతి ద్వారం అడ్డుంటుంది, ఆ ద్వారంలోకి అడుగు పెట్టాకే ఆర్చి మధ్యలో తెల్లగా కనపడుతుంది. ఇంకో సంగతి, అక్కడి ఆర్చీల చుట్టూ పొదిగిన అక్షరాలు పైకి పోయేకొద్దీ సైజు పెంచారు, కింద నిలబడి తలెత్తి చూసే మనిషికి అన్నీ ఒకేలా కనపడాలని. అంటే 1632 లో పని మొదలెట్టినవాళ్లకి కింద నిలబడ్డ మనిషి కన్ను ఎక్కడుంటుందో గుర్తుంది, ఇప్పుడు మన చేతిలో ఇన్ని సాఫ్ట్‌వేర్లు ఉండి కూడా కెమెరాని గాల్లో పెడుతున్నాం. జైపూర్ హవా మహల్ దీనికి ఇంకో కొస. 1799 నాటిది, 953 చిన్న కిటికీలతో ప్రపంచమంతా గుర్తుపట్టే ముఖం అది, కానీ ఆ రోడ్డు వైపు నుంచి లోపలికి దారే లేదు, చుట్టూ తిరిగి వెనక నుంచి వెళ్లాలి. దాన్ని కట్టిందే లోపలి రాణివాసం వాళ్లు బయటి వీధిని చూడటానికి కాబట్టి అక్కడ ఆ ముఖానికి ఒక అర్థం ఉంది. మామూలు ఇంటికి దారి చూపని ముఖం ఎందుకు?

ఇప్పుడు ఆ త్రీడీ బొమ్మల్లో కనపడనివాటి గురించి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు కనపడవు. వాటి నుంచి కారే నీళ్ల పైపు కనపడదు. కరెంటు మీటర్ల బోర్డు, నెట్ కేబుళ్లు, వాన నీళ్లు దిగే పైపులు, నీళ్ల ట్యాంకు, బట్టలారేసే తీగ, చెత్త డబ్బా, చెప్పుల స్టాండు, ఇవేవీ ఉండవు. కానీ ఇంట్లో దిగిన మొదటి నెలలోనే ఇవన్నీ వచ్చి చేరతాయి, చోటు ఇవ్వలేదు కాబట్టి ముందు గోడ మీదికే వస్తాయి. ఏసీ నీళ్ల పైపుని గాలికి వదిలేస్తే ఏడాది తిరక్కుండానే గోడ మీద పచ్చగా నాచు చార దిగుతుంది, ఎంత ఖరీదైన పెయింటూ దాన్ని ఆపలేదు. నేనైతే ఎలివేషన్ గీసే ముందే ఏసీలు ఎన్ని, ఎక్కడ, నీళ్లు ఏ పైపులోకి పోతాయి అని అడిగి రాసుకుంటాను. కొంతమంది క్లయింట్లకి విసుగొస్తుంది, "ముందు ఆ త్రీడీ చూపించండి సార్" అంటారు. అయినా అడుగుతాను.

వాన నీళ్లతో వచ్చే నష్టం అంతకన్నా పెద్దది. కొత్త ఇల్లు రెండు వానాకాలాలు చూశాక ఎలా ఉందో అదే దాని అసలు రూపం. పిట్టగోడ పైభాగం బల్లపరుపుగా వదిలేస్తే దాని మీద చేరిన దుమ్మంతా వానకి ముందు గోడ మీదికి కారి నల్ల చారలు కడతాయి, అదే పైభాగాన్ని కొంచెం డాబా వైపుకి వాలుగా చేస్తే ఆ మురికి లోపలికి పోతుంది, వీధికి కనపడదు. సన్‌షేడ్ కింద అంచుకి దగ్గర్లో వేలు మందం గాడి ఒకటి వదలాలి, నీటి చుక్క అంచు దాటి లోపలికి పాకకుండా ఆ గాడి దగ్గరే తెగి కింద పడుతుంది. ప్లాస్టరింగ్ పచ్చిగా ఉన్నప్పుడే చేసే పని, పావుగంట కూడా పట్టదు, దీన్ని మర్చిపోతే పదేళ్ల పాటు కిటికీల పైన మరకలే. ప్లాస్టరింగు సరిగ్గా ఆరకుండా గృహప్రవేశం తొందరలో రంగు కొట్టించేస్తే లోపలి తేమతో పాటు ఉప్పు బయటికొచ్చి తెల్లగా పూస్తుంది, పెయింటు పొక్కులు పొక్కులుగా లేస్తుంది, నెల రోజులన్నా ఆగమని పెయింటు కంపెనీలవాళ్లే చెప్తారు. ఇంటి చుట్టూ నేల కూడా గోడ నుంచి బయటికి వాలాలి, మొదటి పది అడుగుల్లో ఆరు అంగుళాల వాలు అన్నది వాడుకలో ఉన్న లెక్క. ఇవన్నీ అందానికి సంబంధం లేని పనుల్లా కనపడతాయి గానీ నా దృష్టిలో ఇంటి ముందు భాగం అందం డెబ్బై శాతం నీళ్లు ఎటు పోతాయి అన్న దాంట్లోనే ఉంది.

అందం కోసం అంటించే సరుకు ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఒక్క లండన్ సంగతి చాలు. గ్రెన్‌ఫెల్ టవర్ అని 24 అంతస్తుల పాత బిల్డింగు. దానికి 2016 లో రిపేర్లు పూర్తి చేస్తూ బయట కొత్త రూపం కోసం, చలి ఆగడం కోసం అల్యూమినియం షీట్ల క్లాడింగ్, అంటే గోడకి బయట తొడిగే పొర వేశారు, ఆ షీట్ల మధ్యలో ఉన్నది పాలిథిలిన్, అంటే ప్లాస్టిక్. 2017 జూన్ 14 న ఒక ఫ్లాటులో ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట ఆ క్లాడింగ్ పట్టుకుని బిల్డింగంతా పాకింది. 72 మంది పోయారు. మంట అంతలా పాకడానికి ముఖ్య కారణం ఆ షీట్లే అని తర్వాత విచారణలో తేల్చారు, 2018 లో అక్కడ 18 మీటర్లు దాటిన నివాస భవనాల బయటి గోడలకి మండే సరుకు వాడకూడదని నిషేధం పెట్టారు. షీటు కొనేటప్పుడు మధ్యలో ఏముంది, మండుతుందా అని అడగకుండా రంగులు చూపించే షేడు కార్డు మాత్రమే చూసేవాళ్లకి ఇది తెలియాలి, మీలాంటి పేపర్లు ఎలివేషన్ ట్రెండ్స్ రాసేటప్పుడు ఈ ఒక్క వాక్యం కలిపితే ఎంతో మేలు.

పడమటి ఎండ నేరుగా పడే గోడకి నేల నుంచి పైదాకా అద్దం పెట్టడం కూడా ఇలాంటిదే. వారం తిరక్కుండా లోపల దళసరి కర్టెన్లు వేస్తారు, ఇక బయట నుంచి కనపడేది ఆ కర్టెన్ల వెనక వైపే.

మొక్కల గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే. ఇంటి ముందు ఉన్న నాలుగు గజాలూ టైల్స్ పరిచేసి శుభ్రంగా ఉంది అంటున్నారు. 1984 లో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన సైన్స్ పత్రికలో ఒక చిన్న పరిశోధన వేశాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రోగుల రికార్డులు తీసి, కిటికీలోంచి చెట్లు కనపడే గదుల్లో ఉన్న 23 మందిని ఇటుక గోడ కనపడే గదుల్లో ఉన్న 23 మందితో జత చేసి చూశాడు. చెట్లు కనపడ్డవాళ్లు ఆపరేషన్ తర్వాత సగటున 7.96 రోజులకి ఇంటికెళ్లారు, గోడ కనపడ్డవాళ్లు 8.70 రోజులకి, బలమైన నొప్పి మందులు కూడా చెట్ల వైపువాళ్లకి తక్కువే కావాల్సి వచ్చాయి. జబ్బు మనిషి మీదే అంత ప్రభావం ఉంటే, రోజూ పని నుంచి అలసిపోయి వచ్చి గేటు తీసే మనిషికి ఎదురుగా ఒక చెట్టు ఉండటం ఉత్త డెకరేషన్ అని ఎలా అంటాం? పైగా నీళ్లు ఇంకుతాయి, గోడకి నీడ. ఒక్క చెట్టు, దాని మొదట్లో ఒక గజం మట్టి వదిలితే చాలు.

ప్రహరీ గోడ ఎత్తు కూడా ఆలోచించండి. ఎనిమిది అడుగుల గోడ కడితే దొంగలు రారు అనుకుంటారు, కానీ ఆ గోడ ఒక్కసారి దాటాడంటే లోపల వాడేం చేస్తున్నా వీధిలో ఎవరికీ కనపడదు. వీధి మీద నలుగురి కళ్లు ఉండటమే కాపలా అని నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961 లోనే రాసింది. ఛాతీ ఎత్తు గోడ, పైన కనపడేట్టు గ్రిల్లు ఉంటే వీధికీ ఇంటికీ మాట కలుస్తుంది.

అయితే అందరి ఇళ్లూ ఒకేలా ఉండాలి, ఒకే రంగు వేయాలి అనే కాలనీ అసోసియేషన్ల వాదన నేను ఒప్పుకోను. ఇంగ్లండులో బాత్ అనే ఊళ్లో రాయల్ క్రెసెంట్ అని అర్ధచంద్రాకారంలో 30 ఇళ్లున్నాయి, 1767 నుంచి 1774 మధ్య కట్టారు. ముందు నుంచి అంతా కలిపి ఒకే రాజభవనంలా ఉంటుంది. కానీ కొనుక్కున్నవాళ్లు ముందు గోడ ఒక్కటే ప్లాను ప్రకారం ఉంచి వెనక ఎవరికి నచ్చినట్టు వాళ్లు కట్టుకున్నారు, వెనక వైపు నుంచి చూస్తే ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ పొంతన లేదు. అక్కడే 1970 ల్లో ఒకావిడ తలుపుకి పసుపు రంగు వేసింది, మిగతా తలుపులన్నీ తెలుపు. మార్చమని కౌన్సిల్ నోటీసిచ్చింది, ఆవిడ పట్టు వదలకుండా పోరాడి గెలిచింది. నాకు ఆవిడ పక్షమే. ఎత్తు, రోడ్డు నుంచి వదిలే దూరం, నీళ్లు పక్కింటి మీద పడకపోవడం, ఇవి అందరి వ్యవహారం, వీటికి రూల్స్ కావాల్సిందే. తలుపు రంగు ఆ తలుపు రోజూ తీసుకునేవాళ్లది. వియన్నాలో 1910 లో అడాల్ఫ్ లోస్ అనే ఆర్కిటెక్టు చక్రవర్తి ప్యాలెస్ ఎదురుగా ఏ నగిషీ లేని సాదా గోడతో బిల్డింగు కడుతుంటే ఊరంతా గోల చేసి పని ఆపించారు, కనుబొమ్మల్లేని ఇల్లు అని వెక్కిరించారు, చివరికి కిటికీలకి పూల తొట్లు పెడితే గానీ ఒప్పుకోలేదు. ఇప్పుడదే ఇల్లు రక్షించాల్సిన కట్టడాల్లో ఒకటి. కాబట్టి ఇది అందం, ఇది కాదు అని కమిటీలు ఓటేసి తేల్చే పని పెట్టుకోకూడదు.

అమ్మేవాళ్లకి, కొనేవాళ్లకి ఒక మాట. అమ్మే ముందు గేటుకి రంగేసి, విరిగిన టైలు మార్చి, నంబరు శుభ్రంగా పెట్టి, మొక్కలకి నీళ్లు పోస్తే ఎవరూ తప్పు పట్టరు, అది వచ్చేవాళ్లని గౌరవించడమే. కానీ చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందో చూడకుండా దాని మీద పుట్టీ పట్టించి రంగు కొట్టడం, స్లాబు కింద ఇనుము తుప్పు పట్టి పగిలితే పైన ఫాల్స్ సీలింగ్ వేసేయడం పచ్చి మోసం. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, లోపల నుంచి కాంక్రీటుని పగలగొడుతూనే ఉంటుంది, కప్పేస్తే ఆగదు. కొనేవాళ్లు ఒకసారి పగలు, ఒకసారి రాత్రి, వీలైతే గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్లండి, ముందు భాగం చూసి మురిసిపోయినా సరే చుట్టూ తిరిగి వెనక గోడ చూసి రండి, అక్కడ ఎవరూ మేకప్ వేయరు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి, చిన్న ఇల్లు ఉన్నవాళ్లకి ఇదంతా మనది కాదులే అనిపించొచ్చు, కానీ నేను పైన చెప్పినవాటిలో నంబరు, గడియ, బల్బు, ఒక మొక్క, ఇవి ఏ ఇంటికైనా ఒక్క ఆదివారం పని.

ఎడిటర్ గారూ, మీ నుంచి నేను కోరేది రెండే. ఎలివేషన్ బొమ్మ వేసినప్పుడల్లా దాని పక్కనే అదే ఇల్లు కట్టి రెండు వానాకాలాలు గడిచాక గేటు దగ్గర నిలబడి, మనిషి కంటి ఎత్తు నుంచి తీసిన ఫొటో కూడా వేయండి. రెండోది, ఆ ఇంటి సైట్ ప్లాన్, అంటే స్థలంలో ఇల్లు ఎక్కడుందో చూపే బొమ్మ, చిన్నదైనా సరే అచ్చేసి గేటు నుంచి తలుపు దాకా దారి ఎటు పోతుందో, మెట్లు ఎన్నో, ర్యాంపు పొడవు ఎంతో రాయండి. మీ పేజీ చూసి ఇళ్లు కట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, నా దగ్గరికి ఆ కటింగులు పట్టుకునే వస్తారు.

ఇట్లు,
ఇళ్ల ప్లాన్లు గీసే మీ పాఠకుడు